దానాలో ఏం కలపాలి?

చెన్నై పురసవాక్కంలో గంగాధీశ్వరాలయం చుట్టుపక్కల వీధుల్లో పాత్రల అంగళ్లు, బట్టల దుకాణాలు, వాటి నడుమ ప్లాస్టిక్ సామాన్ల అంగళ్లు. ఒకప్పుడు ఇత్తడి బిందె కొన్న కుటుంబాలే ఇప్పుడు ఇక్కడ ప్లాస్టిక్ బకెట్లు, బిందెలు కొంటున్నాయి. ఈ సంవాదంలో మాట్లాడుతున్నది అలాంటి ఒక అంగడి యజమాని, ఆయన మేనకోడలు. ఆయన చాలాకాలం మౌల్డింగ్ మిషన్లు నడిపారు. ఇప్పుడు అంగడితో పాటు, పాత ప్లాస్టిక్‌ను కడిగి, కరిగించి మళ్లీ దానా, అంటే ప్లాస్టిక్ గుళికలు, చేసే చిన్న షెడ్డు చూసుకుంటున్నారు. ఆమె గిండీలోని ప్లాస్టిక్ సాంకేతిక విద్యాసంస్థ సిపెట్‌లో చదివిన పాలిమర్ ఇంజనీరు. శ్రీపెరుంబుదూరు వైపు కార్ల పరిశ్రమకు కావలసిన పాలీప్రొపిలీన్ మిశ్రమాలు తయారుచేసే చోట పనిచేస్తోంది. ఇద్దరికీ అన్నం పెట్టేది ఒకే సరుకు. ఆమె దాని పుట్టుక దగ్గర నిలబడి చూస్తుంది, ఆయన దాని చివరి రోజుల దగ్గర నిలబడి చూస్తారు.

మామయ్య: ఒక్క సంగతి సూటిగా అడుగుతానమ్మా. పాలిథీను, పాలీప్రొపిలీను రెండింటిలోనూ కార్బను, హైడ్రోజను తప్ప మరో మూలకం లేదు. వేడిచేస్తే కరుగుతాయి, చల్లారిస్తే గట్టిపడతాయి. అంత తేటైన సరుకులో మీరు రబ్బరు కలుపుతారు, రాతిపొడి కలుపుతారు, ఇప్పుడు కంటికి ఆనని నానో మట్టి కూడా కలుపుతామంటున్నారు. మొదట కొన్నవాడికి గట్టి సామాను దొరుకుతుంది, నిజమే. అది పాతబడి నా షెడ్డుకు వచ్చేసరికి లోపల ఏముందో చెప్పేవాడు ఉండడు. దీన్ని మెరుగుపరచడం అని ఎలా అంటారు?

మేనకోడలు: ఏమీ కలపకపోతే మీ అంగట్లో బకెట్టే నిలబడదు మామయ్యా. 1954లో ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్‌ను క్రమమైన గొలుసులుగా తయారుచేశాడు. అంతకు ముందు ఏడాది జర్మనీలో కార్ల్ జీగ్లర్ పాలిథీన్ కోసం కనిపెట్టిన ఉత్ప్రేరకాలే దానికి ఆధారం. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అంత గొప్ప పదార్థానికీ లోపాలున్నాయి. చలి సున్నా డిగ్రీల దగ్గరికి వస్తే పెళుసైపోతుంది. ఎండ తగిలితే గొలుసులు తెగుతాయి. వేడిలో బరువు పెడితే మెల్లగా సాగుతుంది. ఆక్సిజను దాని గుండా సులువుగా దూరిపోతుంది. ఈ లోపాలను దిద్దే పని మీరు మిషన్లు నడిపిన రోజుల నుంచీ జరుగుతూనే ఉంది. బకెట్టుకు మీరు ఏ దానా వాడేవారు?

మామయ్య: పీపీసీపీ. మామూలు పాలీప్రొపిలీన్, అదే పీపీ అయితే చేతిలోంచి జారి పడగానే చీలుతుంది.

మేనకోడలు: ఆ పీపీసీపీ మిశ్రమమే కదా. కర్మాగారంలో ముందు పాలీప్రొపిలీన్ తయారవుతుంది. తర్వాత దానిలోనే ఇథిలీను, ప్రొపిలీను కలిసిన రబ్బరు సన్నని రేణువులుగా ఏర్పడుతుంది. బకెట్టుకు దెబ్బ తగిలినప్పుడు ఆ రేణువుల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాగి దెబ్బ బలాన్ని మింగేస్తుంది, పగులు ముందుకు పాకదు. కారు బంపరులోనూ ఇదే సూత్రం, రబ్బరు పాలు ఎక్కువ. పొద్దున్నే ఇంటికి వచ్చే పాల ప్యాకెట్టు చూడండి. ఎల్‌డీ, ఎల్‌ఎల్‌డీ అనే రెండు రకాల పాలిథీన్ కలిపి తీసిన పొర అది. ఎల్‌డీ వల్ల ఫిల్ము బుడగ ఊదేటప్పుడు నిలకడగా ఉంటుంది, ఎల్‌ఎల్‌డీ వల్ల ప్యాకెట్టు మొన తగిలినా చిరగదు, అతుకు గట్టిగా నిలుస్తుంది. విడివిడిగా ఏ ఒక్కటీ ఆ పని అంత బాగా చేయదు.

మామయ్య: పాల ప్యాకెట్టు మీద నాకు ఫిర్యాదు లేదు. అది నాకు వచ్చే మంచి సరుకుల్లో ఒకటి. కడిగితే నీటి మీద తేలుతుంది, రెండూ ఒకే కుటుంబం కాబట్టి కలిసి కరుగుతాయి. పీపీసీపీ కూడా అంతే. ఒకే కుటుంబంలో కలిపే మిశ్రమాన్ని నేను కాదనడం లేదు. బయటి సరుకు తెచ్చి లోపల పెట్టడం గురించే నా మాట.

మేనకోడలు: కుటుంబం ఒకటైనంత మాత్రాన పొత్తు కుదరదని మీకు నాకంటే బాగా తెలుసు. హెచ్‌డీ రకం పాలిథీన్, పీపీ రెండూ ఆలిఫిన్ల కుటుంబమే. కలిపి కరిగిస్తే ఏమవుతుంది?

మామయ్య: పనికిరాకుండా పోతుంది. షాంపూ సీసా హెచ్‌డీ, దాని మూత పీపీ. రెండూ తేలుతాయి, నీళ్ల తొట్టిలో విడిపోవు. చేత్తో ఏరకపోతే కలిసిపోతాయి. ఆ దానాతో చేసిన మగ్గు విరిచి చూస్తే పొరలు పొరలుగా ఊడుతుంది.

మేనకోడలు: పొడుగాటి గొలుసులు ఒకదానిలో ఒకటి కరగవు. ఒకటి మరోదానిలో చుక్కలుగా మిగిలిపోతుంది, చుక్కకూ చుట్టూ ఉన్నదానికీ మధ్య పట్టు ఉండదు. బరువు పడగానే ఆ సరిహద్దే ఊడిపోతుంది. అమెరికాలో కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల వాళ్లు 2017లో దీనికి ఒక దారి చూపించారు. ఒకే గొలుసులో పాలిథీన్ ముక్క, పాలీప్రొపిలీన్ ముక్క మార్చి మార్చి వచ్చేట్టు ఒక పాలిమర్ తయారుచేశారు. ఆ గొలుసు సరిహద్దు దగ్గర నిలబడి రెండు వైపులా అల్లుకుపోతుంది. మిశ్రమంలో 1 శాతం వేస్తేనే పెళుసు సరుకు సాగే సరుకుగా మారింది. చూశారా, మీ కష్టం తీర్చింది కూడా కలపడమే.

మామయ్య: ఆ గొలుసు నాలాంటివాడి షెడ్డుకు వచ్చిందా?

మేనకోడలు: మీకు అందే ధరకు ఇంకా రాలేదు. ఇథిలీన్, ఆక్టీన్ కలిసిన మెత్తటి ఎలాస్టోమర్ బజారులో దొరుకుతుంది. దానితో కొంత పట్టు వస్తుంది, గట్టిదనం కొంత తగ్గుతుంది.

మామయ్య: మీ దగ్గర పరిష్కారం పుట్టడానికీ అది నా దగ్గరికి చేరడానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. సమస్య మాత్రం మరుసటి రోజే నా గుమ్మంలో ఉంటుంది. సరే, ఇప్పుడు నానో మట్టి సంగతి చెప్పు. బకెట్టుకు మట్టి దేనికి?

మేనకోడలు: ముందు ఇప్పుడున్న పద్ధతి చెబుతాను. పాలీప్రొపిలీన్ గట్టిగా నిలవాలంటే టాల్క్ కలుపుతారు, అంటే మన బలపం రాయి పొడే. బంపరు, డాష్‌బోర్డు లాంటి వాటిలో 20 శాతం దాకా ఉంటుంది. చవక సామాన్లలో సున్నపురాయి పొడి కలుపుతారు, అది గట్టిదనం కంటే ఖర్చు తగ్గించడానికే. గట్టిదనం కావాలంటే ఇంత రాయి మోయాలి. నానో మట్టి దారి వేరు. కచ్‌లో తవ్వే బెంటొనైట్ మట్టిలో మాంట్‌మోరిలొనైట్ అనే ఖనిజం ఉంది. అది తమలపాకుల కట్టలా పొరల మీద పొరలుగా అంటుకుని ఉంటుంది. ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. కట్టగా ఉన్నంతకాలం అది మామూలు మట్టి. పొరలు విడిపోయి ప్లాస్టిక్‌లో పరుచుకున్నాయా, ఒక గ్రాము మట్టికి 700 చదరపు మీటర్ల పైచిలుకు ఉపరితలం దొరుకుతుంది. అందుకే 20 శాతం రాయి చేసే పనిలో చాలా భాగం 5 శాతం మట్టితో జరుగుతుంది.

మామయ్య: మట్టికి నీళ్లంటే ఇష్టం, ప్లాస్టిక్‌కు నీళ్లు పడవు. ఎలా విడదీస్తారు?

మేనకోడలు: కష్టమంతా అక్కడే ఉంది. పొరల మధ్య ఉన్న సోడియంను తీసి, పొడవాటి తోక ఉన్న అమ్మోనియం లవణాన్ని అక్కడ పెడతాం. పొరలు కాస్త ఎడమవుతాయి. పాలీప్రొపిలీన్ వైపు నుంచి మాలిక్ అన్‌హైడ్రైడ్ అంటించిన పీపీని కొంత కలుపుతాం. అది మట్టినీ పట్టుకుంటుంది, ప్లాస్టిక్‌తోనూ కలిసిపోతుంది. 1980ల చివర టొయోటా పరిశోధనశాల నైలాన్‌తో ఈ పని మొదట చేసి చూపించింది. బరువు కింద 65 డిగ్రీల దగ్గర వంగిపోయే నైలాన్, 5 శాతం కూడా లేని మట్టితో 140 డిగ్రీలు దాటేదాకా నిలబడింది. పదేళ్లు తిరగకుండానే వాళ్లే పాలీప్రొపిలీన్‌తోనూ చేశారు. 2002లో జనరల్ మోటార్స్ తన వ్యాన్లకు అమర్చే అడుగుమెట్టును ఇలాంటి ఆలిఫిన్ మిశ్రమంతో తయారుచేయించింది.

మామయ్య: 2002 అంటే చాలాకాలమే అయింది. అంత మంచిదైతే ఈపాటికి మీ బంపర్లన్నిటిలో ఆ మట్టే ఉండాలి. ఇంకా టాల్కే ఎందుకు పోస్తున్నారు?

మేనకోడలు: టాల్క్ చవక, కలపడం సులువు. మట్టి పొరలు అన్నిసార్లూ పూర్తిగా విడిపోవు. విడిపోకపోతే ఖర్చు మిగులుతుంది, ఫలితం మిగలదు. నైలాన్‌లో వచ్చినంత లాభం పాలీప్రొపిలీన్‌లో రాదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ మీ వైపు నుంచి చూస్తే దానికి ఒక మేలు ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు. మీ నీళ్ల తొట్టి గురించి ఆలోచించండి.

మామయ్య: తొట్టి లేకపోతే నా పనే లేదు. ముక్కలు చేసి నీళ్లలో వేస్తాం. పీపీ, హెచ్‌డీ, ఎల్‌డీ తేలుతాయి. పీవీసీ, పెట్ సీసాల ముక్కలు మునుగుతాయి.

మేనకోడలు: పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9, నీటిది 1. టాల్క్‌ది 2.7 పైనే. 20 శాతం టాల్క్ వేయగానే మిశ్రమం 1.04 దాటుతుంది. అది మీ తొట్టిలో మునిగి పీవీసీతో పాటు అడుక్కు చేరుతుంది. అదే 5 శాతం మట్టి వేసిన పాలీప్రొపిలీన్ 0.94 దగ్గరే ఆగుతుంది, తేలుతుంది. మీకు అడ్డు వస్తున్నది ఇప్పుడు వాడుతున్న రాయి. నానో మట్టి వస్తే ఆ సరుకు మళ్లీ మీ చేతికి అందుతుంది.

మామయ్య: లెక్క బాగుంది. మునిగిన బంపరు ముక్కలు ఎటు పోతాయో నేను చూస్తూనే ఉన్నాను. వాటిని కొనేవాడు లేక చివరికి కొడుంగైయూరు చెత్తగుట్టకు చేరతాయి. కానీ నీ లెక్కలో ఒక ప్రమాదం కూడా ఉంది. మునిగిన సరుకు తన తేడా తానే చెబుతుంది. తేలిన సరుకును నేను శుభ్రమైన పీపీ అనుకుంటాను. అందులో మట్టి ఉంది, మట్టి మీద అమ్మోనియం లవణం ఉంది, అతికించడానికి వేసిన మందు ఉంది. అవన్నీ నాకు తెలియకుండా నా దానాలో చేరతాయి. మా ఏరేవాళ్లు ముక్కను వంచి చూస్తారు, మోగించి వింటారు, కాల్చి వాసన చూస్తారు. 5 శాతం మట్టి ఏ పరీక్షకు దొరుకుతుంది?

మేనకోడలు: దేనికీ దొరకదు. కానీ నానో పూరకం ఇప్పటికే మీ దానాలో ఉంది మామయ్యా. మేడమీద నల్లటి నీళ్ల ట్యాంకు, వీధిలో పాతిపెట్టే నల్లటి హెచ్‌డీపీఈ పైపు, వాటి నలుపు కార్బన్ బ్లాక్. దాని మూల రేణువులు పదుల నానోమీటర్ల పరిమాణమే. తాగునీటి పైపుల భారతీయ ప్రమాణంలో అది సుమారు 2.5 శాతం ఉండి తీరాలని రాసి ఉంది. చెన్నై ఎండకు పాలిథీన్ ఏళ్ల తరబడి తట్టుకుంటోందంటే ఆ కొద్దిపాటి మసి కాంతిని మింగేయడం వల్లనే. ఆ పైపులను మీరు కరిగించడం లేదా?

మామయ్య: కరిగిస్తాం. నలుపు కంటికి కనిపిస్తుంది కాబట్టి నల్ల సరుకు నల్ల సరుకులోకే వెళుతుంది. అదే నేను చెప్పేది. కనిపించే కలుపుతో నాకు పేచీ లేదు. ఎండ మాట ఎత్తావు కాబట్టి అడుగుతాను. మసి ఎండను ఆపుతుంది, మట్టి ఏం చేస్తుంది?

మేనకోడలు: వేరే రక్షణ వేయకపోతే ఎండలో పాలీప్రొపిలీన్ ఇంకా తొందరగా పాడవుతుంది. మట్టిలో కొంచెం ఇనుము ఉంటుంది. అమ్మోనియం లవణం 200 డిగ్రీల దగ్గర విరగడం మొదలవుతుంది, పాలీప్రొపిలీన్‌ను మౌల్డ్ చేసేది ఆ వేడి దాటాకే. ఆ విరిగిన ముక్కలు తర్వాత ఎండకు తోడవుతాయి. అందుకే స్థిరత్వం ఇచ్చే మందులు జాగ్రత్తగా ఎంచుకుని వేయాలి.

మామయ్య: మొదటి మౌల్డింగ్‌లోనే విరగడం మొదలైతే, నా దగ్గర రెండోసారి కరిగినప్పుడు? ఆ తర్వాత మూడోసారి? మీరు వేసిన మందు అప్పటికి ఎంత మిగులుతుంది? మీ పరీక్ష కాగితాల్లో బలం, దెబ్బ, వేడి అన్నీ ఉంటాయి. అవన్నీ కొత్త ముక్క మీద చేసినవే. రెండో పుట్టుక లెక్క ఏ కాగితంలోనూ నేను చూడలేదు.

మేనకోడలు: పరిశోధనశాలల్లో మళ్లీ మళ్లీ కరిగించి చూస్తారు. అమ్మకపు కాగితంలోకి ఆ లెక్క రాదు, అది నిజం. రావాలి. మీ మాటకు అడ్డు చెప్పను. అయితే ఇంకో వైపు కూడా చూడండి. చిప్స్ ప్యాకెట్లు మీరు కొంటారా?

మామయ్య: ముట్టుకోను. లోపల ఒక పొర, బయట ఇంకో పొర, నడుమ లోహం. విడదీసే దారి లేదు.

మేనకోడలు: ఆ పొరలన్నీ ఆక్సిజనునూ తేమనూ ఆపడానికే. పరుచుకున్న మట్టి పొరలు గాలి అణువులకు అడ్డం నిలిచి దారిని చుట్టుతిప్పుతాయి. ఒకే జాతి ప్లాస్టిక్‌తో ప్యాకెట్టు చేయడానికి అది సాయపడుతుంది. మట్టి ఒక్కటే అల్యూమినియంకు సాటి రాదు, చిప్స్‌కు చాలదు. అంత కట్టుదిట్టం అక్కరలేని సరుకులు బజారులో ఎన్నో ఉన్నాయి, వాటికి చాలవచ్చు. పలు పొరల ప్యాకెట్టు పోయి ఒక పొర ప్యాకెట్టు వస్తే లాభం మీకే.

మామయ్య: అలాంటి ప్యాకెట్టు వస్తే మొదట కొనేది నేనే. ఇంకొక్క భయం ఉంది. మా షెడ్డులో ముక్కలు కొట్టే మిషను దగ్గర ఆడవాళ్లు పనిచేస్తారు, దుమ్ము లేస్తుంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఒక రకం కార్బన్ నానోగొట్టాలను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో చేర్చిందని నువ్వే ఒకసారి చెప్పావు. మీ దగ్గర ముసుగులు, గాలి లాగే గొట్టాలు ఉంటాయి. ఇక్కడ ఏమున్నాయి?

మేనకోడలు: కార్బన్ బ్లాక్ కూడా ఆ జాబితాలోనే ఉంది. ప్లాస్టిక్ లోపల చిక్కుకున్న రేణువు అంత సులువుగా బయటికి రాదు. ప్రమాదం పొడిగా ఉన్నప్పుడు ఎక్కువ. అందుకే మౌల్డింగ్ చేసేవాళ్లకు పొడి ఇవ్వకుండా, ముందే ప్లాస్టిక్‌లో కలిపిన మాస్టర్‌బ్యాచ్ దానాగా ఇస్తారు. కానీ రుబ్బేటప్పుడు, కాల్చి వాసన చూసేటప్పుడు ఏం జరుగుతుందన్న దానికి నేను భరోసా ఇవ్వలేను. నానోగొట్టాల విషయంలో మీదే సరైన మాట. ఇంటి సామాన్లలో వాటి అవసరం లేదు. విద్యుత్తు ప్రవహించాల్సిన భాగాలకు, అదీ తిరిగి కంపెనీకే చేరే భాగాలకు పరిమితం చేయాలి.

మామయ్య: తిరిగి రాని సరుకంతా ఎక్కడికి పోతుందో చూడు. మదురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ వేడి కంకరకు ప్లాస్టిక్ ముక్కలు పట్టించి, దాని మీద తారు కలిపి రోడ్డు వేసే పద్ధతి కనిపెట్టారు. 2002లో మన నుంగంబాక్కం జంబులింగం వీధి అలాగే వేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. గుట్టకు పోయేదానికి ఒక పని దొరికింది. కానీ తారులో కలిసిన ప్లాస్టిక్ మళ్లీ దానా కాదు. అన్ని కలుపుల సరుకునూ రోడ్డుకు పంపితే సరిపోతుందని మీరంతా ఊరుకోకూడదు.

మేనకోడలు: ఊరుకోవడం ఇక కుదరదు కూడా. ప్యాకింగ్ ప్లాస్టిక్‌లో తిరిగి వాడిన సరుకు ఇంత శాతం ఉండాలని 2022లో కేంద్రం నియమం పెట్టింది. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు 2025–26లో 30 శాతంతో మొదలై 2028–29 నాటికి 60కి చేరాలి. అంటే ప్యాకింగ్ తయారుచేసేవాళ్లు మీలాంటివాళ్ల దానా కొనుక్కోవాల్సిన రోజులు వచ్చాయి. మా రంగంలో ఇవాళ కలిపింది రేపు మా రంగానికే తిరిగి వస్తుంది.

మామయ్య: అయితే నా షరతు విను. కలిపినది సామాను మీద రాయాలి. బకెట్టు అడుగున త్రికోణంలో 5 అంకె వేస్తారు, పీపీ అని తెలుస్తుంది. లోపల రాయి ఎంత, మట్టి ఎంత అన్నది తెలియదు.

మేనకోడలు: కార్లలో రాస్తున్నాం. బంపరు లోపలి వైపు పీపీ ప్లస్ ఈపీడీఎం (ఒక రకం రబ్బరు), టాల్క్ 20 అని అచ్చులోనే పడుతుంది. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అచ్చులో నాలుగు అక్షరాలు చెక్కడానికి ఖర్చు పెద్దగా కాదు.

మామయ్య: బంపరుకు రాయగలిగినవాళ్లు బకెట్టుకు, కుర్చీకి, ట్యాంకుకు ఎందుకు రాయరు? అది నియమమయ్యేదాకా ఇంటి సామాన్లలో కొత్త పూరకం ఏదీ రాకూడదని నేనంటాను.

మేనకోడలు: అక్కడ మీతో కలవలేను మామయ్యా. ఆపితే పాత రాతిపొడి అలాగే కొనసాగుతుంది, మీ తొట్టిలో మునిగే సరుకు పెరుగుతూనే ఉంటుంది. ఆపడం కంటే హద్దు గీయడం మేలు. కలిపింది 5 శాతం లోపు ఉండాలి, నీటి మీద తేలాలి, మూడుసార్లు కరిగించిన తర్వాత దాని బలమెంతో కాగితంలో చూపాలి, సామాను మీద గుర్తు ఉండాలి. ఈ నాలుగింటికీ నిలబడని పూరకాన్ని నేనే వద్దంటాను.

మామయ్య: ఆ నాలుగూ రాసి మీ కంపెనీ ముందు పెట్టు. మూడుసార్లు కరిగించే పరీక్షకు మాత్రం మీ కొత్త ముక్కలు వాడవద్దు. ఎండకు మాగిన పాత సరుకు నా షెడ్డు నుంచి పంపుతాను, దాని మీద చేయండి. ఆ పరీక్షలో నెగ్గిన మిశ్రమాన్ని నేను అడ్డు చెప్పకుండా కొంటాను.